నడిమి జాలము

వైశాఖ జ్యేష్ఠములలో చింతలపూడి, లింగపాలెము, ముసునూరు, నూజివీడు ప్రాంతముల తోటలనుండి బంగినపల్లియు, రసాలును, కలెక్టరు కాయయు లారీలకెక్కి దేశము నలుమూలలకు బయలుదేరు దినములలో, కాయకంటె ముందుగా బయలుదేరునది దానిని గూర్చిన వార్త. తోటలో నిలిచిన రైతు నున్న గ్రామపు మామిడి మార్కెట్టులోని ధర విచారించుటయు, వ్యాపారి ఉత్తరదేశమునందలి కొనుగోలుదారునకు కాయ ఛాయాచిత్రమును పంపుటయు, కోతకు వచ్చిన వారి కూలి ఫోనుమీదనే చెల్లిపోవుటయు నిమేషమాత్రమున జరుగుచున్నవి. ఆ వార్త చేతిలోని ఫోనునుండి టవరు వరకు గాలిలో పోవునని అందరు నెఱుగుదురు. సముద్రగర్భమున పరచిన కేబుళ్లు ఖండములను కలుపుచున్నవని పలువురు విని యుందురు. ఈ రెండింటికి నడుమ, టవరునుండి మండలకేంద్రమునకును, మండలకేంద్రమునుండి ఏలూరునకును, ఏలూరునుండి విజయవాడకును వార్తను మోసికొనిపోవు జాలమొకటి కలదు. మొదట మహానగరములలో నిర్మింపబడుటచే ఇంజనీర్లు దీనిని మెట్రో జాలమని వ్యవహరింతురు. నేడది నగరమును దాటి మామిడితోటల అంచులవరకు ప్రాకినది. జనసామాన్యమునకు కనబడని ఈ నడిమి జాలము గడచిన నాలుగు దశాబ్దములలో తన స్వభావమునే మార్చుకొన్నది. పాత పద్ధతిలోని క్రమశిక్షణను పోగొట్టుకొనక కొత్త పద్ధతిలోని పొదుపును అలవరచుకొనుటయే ఆ మార్పునందలి సారమని ఈ అధ్యాయమున నిరూపింప దలచితిని.

గాజులో వెలుగు

సన్నని గాజు తంతువు ద్వారా దూరదేశములకు వార్తలు పంపవచ్చునని 1966లో ఇంగ్లండునందు చార్లెస్ కావో, జార్జ్ హాకమ్ అను శాస్త్రజ్ఞులిద్దరు ప్రతిపాదించిరి. ఆనాటి గాజులో ప్రవేశించిన వెలుగు కొలది మీటర్లు పోవునప్పటికే క్షీణించిపోవుచుండెను. ఆ క్షీణతకు ముఖ్యకారణము గాజు స్వభావము కాదనియు, దానిలో కలిసియున్న మలినములే యనియు, నష్టమును కిలోమీటరునకు 20 డెసిబెల్లకు తగ్గింపగలిగినచో తంతువు కార్యోపయోగి కాగలదనియు వారు సిద్ధాంతీకరించిరి. 1970లో అమెరికాయందలి కార్నింగ్ సంస్థకు చెందిన రాబర్ట్ మారర్, డొనాల్డ్ కెక్, పీటర్ షుల్ట్జ్ అను మువ్వురు ఆ హద్దును దాటి చూపిరి. 2009లో కావో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము నందెను. మన దేశమున 1979లో పూనా నగరమునందు రెండు ఎక్స్ఛేంజీల నడుమ మొదటి గాజు తంతువు పనిచేయ నారంభించినది.

నేటి తంతువులో 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యముగల పరారుణ కాంతి కిలోమీటరునకు సుమారు 0.2 డెసిబెల్లు మాత్రమే నష్టపోవును. ఏలూరునకును చింతలపూడికిని గల మార్గము రమారమి 50 కిలోమీటర్లని గ్రహించినచో, మొత్తము నష్టము 10 డెసిబెల్లగును. అనగా ఏలూరున బయలుదేరిన కాంతిలో పదవవంతు చింతలపూడి చేరును. దారిలోని అతుకుల వలన మరికొంత తగ్గినను, పంపిన కాంతిలో వెయ్యవవంతు అందినను చదువుకొనగల గ్రాహకములు నేడున్నవి కావున, ఈ దూరమున నడుమ ఎచ్చటను కాంతిని తిరిగి బలపరుప నక్కరలేదు. తంతువు సామర్థ్యమునకు ఇంతకంటె నిదర్శనమేల? ఇక తేలవలసిన ప్రశ్నయల్లా, ఆ కాంతిని ఎవరెవరికి ఎట్లు పంచవలెననునదే. మెట్రో జాలముల చరిత్రయంతయు ఈ పంపకపు చరిత్రయే.

కాలమును పంచిన పద్ధతి

గాజు తంతువుపై మొట్టమొదట పయనించిన సరకు మానవుని కంఠస్వరము. స్వరమును అంకెలుగా మార్చు పద్ధతిని అలెక్ రీవ్స్ అను ఆంగ్లేయుడు 1937లోనే కనిపెట్టియుండెను. స్వరతరంగపు ఎత్తును సెకనునకు 8,000 మారులు కొలిచి, ప్రతి కొలతను ఎనిమిది బిట్లతో వ్రాసినచో, ఒక సంభాషణకు సెకనునకు 64,000 బిట్లు కావలసివచ్చును. ఇట్టి సంభాషణలు ముప్పదింటిని, వాటి నిర్వహణకు వలయు రెండు గడులతో చేర్చి, వరుసగా ఒకదానివెంట ఒకటి పంపినచో, సెకనునకు 2.048 మెగాబిట్ల ప్రవాహమొకటి ఏర్పడును. దూరవాణి ఉద్యోగులకు చిరపరిచితమైన ఈ-1 అను మూలప్రమాణమిదియే. ప్రతి సంభాషణకును నియతమైన కాలఖండమొకటి కేటాయింపబడును. మాటలాడువాడు మాటలాడినను, ఊరకున్నను, ఆ ఖండము అతనిదే.

తొలిదశలో ఇట్టి ప్రవాహములను నాలుగేసి చొప్పున కలుపుచు 8, 34, 140 మెగాబిట్ల ప్రవాహములను నిర్మించిరి. కాని ఒక్కొక్క యంత్రములోని గడియారము తక్కినవాటితో ఖచ్చితముగా సరిపోకుండుటచే, ఆ భేదమును సర్దుటకై నడుమనడుమ పూరకపు బిట్లు చొప్పింపవలసి వచ్చుచుండెను. తత్ఫలితముగా పెద్ద ప్రవాహములో ఒక ఊరికి చెందిన చిన్న ప్రవాహమెచ్చటనున్నదో తెలిసికొనుటకై మొత్తమును మెట్టుమెట్టుగా విప్పి, కావలసినది తీసికొని, తిరిగి మెట్టుమెట్టుగా కట్టవలసి వచ్చెను. ఈ క్లేశమును పోగొట్టుటకై 1988లో అంతర్జాతీయ దూరవాణి సంప్రదింపు సంఘము ఎస్.డి.హెచ్. అను సమకాలిక పద్ధతిని నిర్ణయించెను. దీనియందు యంత్రములన్నియు ఒకే గడియారమునకు లోబడి నడచును. ప్రతి 125 మైక్రోసెకన్లకును ఎనిమిదేసి బిట్ల అక్షరములు 2,430 గల చట్రమొకటి బయలుదేరును, సెకనునకు 155.52 మెగాబిట్ల వేగముగల ఈ ప్రవాహమున 63 ఈ-1లు, అనగా 1,890 సంభాషణలు ఇముడును. ఏ ఊరి ప్రవాహము చట్రములో ఏ తావున నున్నదో ముందే తెలియును గనుక, తక్కినవాటిని కదపకయే దానినొక్కదానిని దింపుకొనవచ్చును, ఎక్కింపవచ్చును.

ఎస్.డి.హెచ్. ప్రసాదించిన మహోపకారము మరియొకటి కలదు. ఎక్స్ఛేంజీలను వరుసగా కలిపి, కడపటిదానిని మొదటిదానితో చేర్చి రింగుగా కట్టినచో, ఏదేని ఒకచోట కేబులు తెగినను, వార్త వెనుకకు మరలి రెండవ దారిని గమ్యము చేరును. ఈ మరలింపు 50 మిల్లీసెకన్లలో జరిగిపోవుటచే, మాటలాడుచున్నవారికి తెగినదను స్పృహయే కలుగదు. చట్రములో కొన్ని అక్షరములు కేవలము కాపలాకై ప్రత్యేకింపబడి, ఎచ్చట దోషము పుట్టినదో, ఎచ్చట వెలుగు మందగించినదో నిరంతరము తెలుపుచుండును. నియతకాలము, దోషనివేదనము, శీఘ్రరక్షణము అను ఈ మూడు గుణములు దూరవాణిశాస్త్రము సంపాదించిన శాశ్వత ధనము.

ప్యాకెట్టు రాక

ఇంతలో సరకు మారెను. 1960వ దశకమున అమెరికాయందు పాల్ బారన్, ఇంగ్లండునందు డొనాల్డ్ డేవిస్ ఒకరితో నొకరికి సంబంధము లేకయే, వార్తను చిన్నచిన్న తునుకలుగా విభజించి, ప్రతి తునుకపైనను గమ్యమును వ్రాసి విడుచు విధానమును ఊహించిరి. ఈ తునుకలే ప్యాకెట్టులు. 1973లో రాబర్ట్ మెట్కాఫ్ జిరాక్స్ పరిశోధనాలయమున ఈ తత్త్వముపైననే, ఒక భవనములోని కంప్యూటర్లను కలుపు ఈథర్నెట్టును రూపొందించెను. స్వరము సమప్రవాహము, కంప్యూటరు వార్త అట్టిది కాదు. అది కొంతసేపు ఏమియు లేక నిశ్చలముగా నుండి, ఒక్కసారిగా ఉప్పొంగి, మరల శాంతించును. నియతఖండములతో పంచిన జాలము ఇట్టి సరకును మోయుటకు పుట్టినది కాదు.

మామిడి సీమవారికి ఈ భేదమును వారి వ్యాపారముతోనే చెప్పవచ్చును. ప్రతిదినమును నియతకాలమునకు బయలుదేరు లారీలో ఒక్కొక్క తోటకు ఒక్కొక్క అర శాశ్వతముగా కేటాయింపబడినదనుకొందము. ఆ దినమున ఆ తోటలో కోత జరిగినను జరుగకున్నను ఆ అర ఆ తోటదే. ప్రక్కతోటలో కాయ గుట్టలు పడియున్నను ఖాళీ అరలో దానిని పెట్టుటకు అనుమతి లేదు. రెండవ పద్ధతిలో అరలుండవు. ప్రతి ట్రేపైనను చేరవలసిన మార్కెట్టు పేరు వ్రాయబడి, చోటున్నంతవరకు ఎవరి ట్రేయైనను ఎక్కును. మొదటి పద్ధతిలో ఎవరి చోటునకు వారికి భరోసా కలదు, కాని దండుగ యధికము. రెండవ పద్ధతిలో దండుగ లేదు, కాని రద్దీనాడు ఎవరి ట్రే మిగిలిపోవునో చెప్పలేము.

దండుగ ఎంతటిదో లెక్కవలన తెలియును. సెకనునకు ఒక గిగాబిట్టు వేగముగల ఈథర్నెట్టును పాత జాలములో ఒకే అఖండమైన పాత్రలో పంపవలెనన్న, దానికి సరిపడు పాత్ర సుమారు 2.4 గిగాబిట్లది మాత్రమే దొరకును. అందు సగమునకు పైగా వ్యర్థమగును. 2001 ప్రాంతమున దీనికొక ఉపశమనము కనిపెట్టిరి. 149.76 మెగాబిట్ల చిన్నపాత్రలు ఏడింటిని ఒకే పాత్రగా భావించి, ఈథర్నెట్టు సరకును వాటిలోనికి విడదీసి పంపి, ఆవలియొడ్డున తిరిగి కూర్చినచో, నూటికి 95 పాళ్లు సద్వినియోగమగును. తత్పూర్వము కట్టిన జాలములను పారవేయకయే ఇంటర్నెట్టు సరకును మోయుటకు ఈ ఉపాయము కొన్ని సంవత్సరములు విశేషముగా తోడ్పడెను. కాని పాత్ర ఎంత చక్కగా సరిపోయినను, సరకు లేని వేళ అది రిక్తముగనే పయనించును. నూరు ఇండ్లకు ఇంటికి 100 మెగాబిట్ల చొప్పున విడివిడిగా కేటాయింపవలెనన్న 10 గిగాబిట్లు కావలెను. ఆ నూరు ఇండ్లును ఒకే క్షణమున పూర్తివేగమును కోరుట అత్యంత అరుదు గావున, అందరును పంచుకొను పద్ధతిలో అందులో కొంతభాగమే చాలును. టవర్ల విషయమున ఈ భేదము మరింత స్ఫుటమైనది. రెండవ తరము టవరునకు ఒకటి రెండు ఈ-1లు సరిపోయెడివి; నాలుగవ తరము టవరు వందల మెగాబిట్లను, అయిదవ తరము టవరు గిగాబిట్లను కోరును. 2016 సెప్టెంబరులో ఆరంభమైన జియో జాలమున సంభాషణ కూడ ప్యాకెట్టుగనే పోవుచున్నది. 2022 అక్టోబరు 1వ తేదీన మన దేశమున అయిదవ తరము ప్రవేశించినది. కావున పంపకపు పద్ధతి మారక తప్పలేదు.

క్రమశిక్షణ నేర్చిన ఈథర్నెట్టు

అట్లయినచో పాతదానినంతను తొలగించి, భవనములోని ఈథర్నెట్టునే జిల్లా అంతట పరచిన చాలదాయని పాఠకుడు ప్రశ్నింపవచ్చును. చాలదు. ఒక గది కొఱకు పుట్టిన ఈథర్నెట్టునకు కేబులు తెగినచో దారి మార్చుకొనుటకు మొదటి విధానమున అరనిమిషమో అంతకు మించియో పట్టుచుండెను. 50 మిల్లీసెకన్లకు అలవాటుపడిన జాలమునకు అది యుగము. దోషమెచ్చట పుట్టినదో తెలుపు వ్యవస్థయు దానికి లేదు. వీటికంటె గంభీరమైన లోపము కాలజ్ఞానము లేకుండుట. టవర్లు తమ తరంగపౌనఃపున్యమును నూరుకోట్లలో 50 పాళ్లకు మించి తప్పకుండ నిలుపుకొనవలెను. ఒకే పౌనఃపున్యముపై పంపుటకును అందుకొనుటకును వంతులు వేసికొను టవర్లయందు ప్రతిదాని గడియారమును ఉమ్మడి ప్రమాణకాలమునుండి 1.5 మైక్రోసెకన్లకు మించి తొలగరాదు. ఎస్.డి.హెచ్. వలన ఉచితముగా లభించుచుండిన గడియారము ప్యాకెట్టు రాకతో అదృశ్యమయ్యెను.

ఈ లోపములను ఒక్కొక్కటిగా పూరించుటయే ఈ శతాబ్దపు మొదటి దశకమున జరిగిన గొప్ప కృషి. 2001లో ఏర్పడిన మెట్రో ఈథర్నెట్ ఫోరము ఈథర్నెట్టు సేవలకు నియమములు కల్పించెను: ఖాతాదారునకు ఎట్టి రద్దీయందైనను తప్పక యియ్యవలసిన వేగమొకటి, చోటున్నప్పుడు మాత్రమే యిచ్చు అదనపు వేగమొకటి నిర్ణయింపబడును, మొదటి కోవకు చెందిన ప్యాకెట్టులకు ఆకుపచ్చ, రెండవ కోవకు పసుపు గుర్తుగా నియమింపబడి, రద్దీ కలిగినచో పసుపువే ముందుగా విడువబడును. భరోసాయు పొదుపును ఒకేచోట నిలువగలవని దీనివలన ఋజువైనది. 2006, 2007 సంవత్సరములలో దోషనివేదనకు ప్రమాణములు వెలువడెను. 2008లో ఈథర్నెట్టు రింగునకు శీఘ్రరక్షణ ప్రమాణము వచ్చెను. ఆ సంవత్సరముననే అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘమును ఇంటర్నెట్టు ప్రమాణములను నిర్ణయించు ఇంజనీర్ల బృందమును తమ భేదములను ప్రక్కకు నెట్టి, ఎం.పి.ఎల్.ఎస్.-టి.పి. అను పద్ధతికై కలిసి పనిచేయుట కంగీకరించిరి. దీనియందు ప్యాకెట్టు దారి ముందే నిర్ణయింపబడును. దానికి ప్రత్యామ్నాయమార్గము సిద్ధముగ నుండును. రాకపోకలు రెండును ఒకే దారిని జరుగును. ఇక గడియారమునకై ఈథర్నెట్టు బిట్ల లయనుండియే పౌనఃపున్యమును గ్రహించు పద్ధతియు, కాలముద్రలుగల ప్రత్యేక ప్యాకెట్టులను పంపి మార్గవిలంబమును లెక్కగట్టి కాలమును సరిచూచుకొను పద్ధతియు అమలులోనికి వచ్చెను.

ప్యాకెట్టు నెఱిగిన కాంతిజాలము

ప్యాకెట్టు ఇట్లు క్రమశిక్షణ నేర్చుచుండగా, కాంతియు తన సామర్థ్యమును విస్తరించుకొనెను. ఒకే తంతువులో వేర్వేరు తరంగదైర్ఘ్యములుగల కాంతులను కలిపి పంపినను అవి ఒకదానితో నొకటి కలహింపవు. 1530 నుండి 1565 నానోమీటర్ల నడుమ నలువది, ఎనుబది కాంతిమార్గములను అమర్చవచ్చును. 1987లో ఎర్బియము అను ధాతువును చేర్చిన తంతువుతో కాంతిని కాంతిగనే బలపరచు సాధనము కనుగొనబడుటచే ఈ మార్గములన్నింటిని ఒక్కసారిగా బలపరచుట సాధ్యమైనది. నగరముల లోపల మార్గములను 20 నానోమీటర్ల ఎడముగా అమర్చి, చల్లబరుప నక్కరలేని చవుక లేజర్లతో పని గడుపుకొనిరి. ఏ కాంతిమార్గము ఏ ఊరిలో దిగవలెనో దూరమునుండియే ఆజ్ఞాపింపగల సాధనములు తరువాత వచ్చెను. 2001లో ఓ.టి.ఎన్. అను ప్రమాణము ఈ కాంతిమార్గములలో పయనించు పాత్రలకు రూపమిచ్చి, దోషములను తానే సవరించుకొను శక్తిని వాటికి కల్పించెను. 2009లో ఒక గిగాబిట్టు ఈథర్నెట్టునకు సరిపడు 1.25 గిగాబిట్ల చిన్నపాత్ర అందు చేరెను.

ప్యాకెట్టు, కాంతి అను ఈ రెండు ప్రవాహములు ఒకే యంత్రములో సంగమించుటయే ప్యాకెట్టు నెఱిగిన కాంతిజాలమునకు జన్మము. పూర్వపు కాంతియంత్రము తాను మోయుచున్న సరకేదో ఎఱుగదు. పూర్వపు ప్యాకెట్టు యంత్రము తన క్రింద పయనించు కాంతి నెఱుగదు. రెండును వేర్వేరుగా నున్నంతకాలము, ఏలూరులో దిగ నవసరము లేని సరకు కూడ అచ్చట కాంతినుండి విద్యుత్తుగా మారి, విప్పబడి, పరీక్షింపబడి, తిరిగి కాంతిగా మారి పోవలసి వచ్చుచుండెను. కొత్త యంత్రము మూడు స్తరములలో నిర్ణయము చేయును. ఒక కాంతిమార్గమంతయు విజయవాడకే చెందినదైనచో, దానిని తాకక కాంతిగనే సాగనంపును. కాంతిమార్గములో కొన్ని పాత్రలు మాత్రమే ఇచ్చట దిగవలసినవైనచో, పాత్రలను మాత్రమే మార్చును. పాత్రలో పలు ఊళ్ల ప్యాకెట్టులు కలిసియున్నచో, అప్పుడు మాత్రమే వాటిని విప్పి, గమ్యమును చదివి, తిరిగి కూర్చును. ప్యాకెట్టును విప్పి చదువుట కాంతిని సాగనంపుటకంటె ఎన్నోరెట్లు వ్యయకరము, విద్యుత్తును హరించునది. కావున అవసరమైనచోటనే అవసరమైనంతవరకు విప్పుట యను వివేకమే ఈ యంత్రముల ఘనత.

ఇట్టి యంత్రముల నిర్మాణమున మన దేశీయులు వెనుకబడలేదని చెప్పుట సంతోషకరము. 1984లో స్థాపింపబడిన సి-డాట్ సంస్థ గ్రామములకై 128 లైన్ల చిన్న ఎక్స్ఛేంజిని నిర్మించి దేశమునకు ఆత్మవిశ్వాసమును కలిగించెను. 2000లో బెంగుళూరున ఆరంభమైన తేజస్ నెట్‌వర్క్స్ సంస్థ ఎస్.డి.హెచ్. యంత్రములతో మొదలిడి ప్యాకెట్టు కాంతియంత్రముల వరకు ఎదిగెను. దాని స్థాపకులలో నొకరైన కుమార్ శివరాజన్, రాజీవ్ రామస్వామితో కలిసి రచించిన కాంతిజాల గ్రంథము అనేకదేశముల విద్యార్థులకు పాఠ్యమైనది.

స్తంభములపై తంతువు

ఆంధ్రప్రదేశమున 2015లో స్థాపింపబడిన ఫైబర్‌నెట్ సంస్థ భూమి త్రవ్వక, విద్యుత్ స్తంభముల మీదుగనే సుమారు 24,000 కిలోమీటర్ల కేబులును లాగి, విద్యుత్ ఉపకేంద్రములను తన యంత్రములకు నెలవులుగా చేసికొనెను. 2016 డిసెంబరులో కోనసీమయందలి మోరి గ్రామము దీనితో తొలుత సంపూర్ణముగా కలుపబడినది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామనాథ్ కోవింద్ ఈ జాలమును జాతికి అంకితము చేసెను. నెలకు 149 రూపాయలకు దూరవాణి, దూరదర్శన ప్రసారములు, ఇంటర్నెట్టు మూడును ఒకే తంతువుపై ఇంటికి చేర్చుట ఆనాటి సంకల్పము. ఇంటికడకు చేరు కడపటి దారిలో ఒకే తంతువును గాజు విభాజకములతో పలు ఇండ్లకు పంచుదురు. 1490 నానోమీటర్ల కాంతి సెకనునకు 2.488 గిగాబిట్లను ఇండ్లవైపునకును, 1310 నానోమీటర్ల కాంతి 1.244 గిగాబిట్లను కేంద్రమువైపునకును మోయును.

స్తంభములపై కేబులు చవుక, త్వరితముగ పూర్తియగును. కాని కాయ పక్వమునకు వచ్చు వేసవిలోనే ఈదురుగాలులు వీచి, కాయను రాల్చిన గాలియే కొమ్మను విరిచి తీగలమీద పడవేయును. ధర తెలిసికొనుటకును, బండి పిలుచుటకును, సహాయము కోరుటకును వార్త అత్యవసరమైన దినముననే దారి తెగు ప్రమాదమున్నది. ఇందులకు ప్రతిక్రియ రింగు. ఒక్క కొమ్మవలె సాగిపోయిన కేబులునందు ఎంత గొప్ప యంత్రమునుంచినను, మొదలు తెగినచో చివర నున్న గ్రామములన్నియు మూగపోవును. 2011లో ఆమోదము పొంది, తరువాత భారత్‌నెట్‌గా పేరు మారిన జాతీయ పథకమున పంచాయతీలకు వేసిన దారులు మొదట అధికభాగము ఇట్టి ఒంటిదారులే. 2023 ఆగస్టులో కేంద్రమంత్రివర్గము 1,39,579 కోట్ల రూపాయలతో ఆమోదించిన సవరింపబడిన పథకము, మండలమునకును పంచాయతీలకును నడుమ రింగుల నిర్మాణమును, ప్యాకెట్టు మార్గదర్శక యంత్రముల స్థాపనను నిర్దేశించినది. దశాబ్దముల క్రిందట నగరము నేర్చిన పాఠమును గ్రామమునకు అందించు తీర్మానమిది.

రింగనగా పటములో గీచిన వలయము కాదు. రెండు పాయలును ఒకే స్తంభముల వరుసపై పోయినచో, ఒక్క చెట్టు కూలుటతోనే రెండును తెగును. 50 మిల్లీసెకన్ల రక్షణకు అప్పుడర్థములేదు. చింతలపూడి వంటి మండలకేంద్రమునకు ఒక పాయ ఏలూరు దారిని వచ్చినచో, రెండవది నూజివీడు దారినో జంగారెడ్డిగూడెము దారినో రావలెను. కావున పంచాయతీ సభ్యులకును, ఈ శాస్త్రమును చదువుకొనుచున్న యువకులకును నా విన్నపమొక్కటే: మీ ఊరికి ఎంత వేగము వచ్చుచున్నదని అడుగుటతో తృప్తిపడకుడు, మీ ఊరికి ఎన్ని దారులున్నవో, అవి నిజముగా వేర్వేరు దారులేనో అడుగుడు. సమాధానము లభించువరకు అడుగుడు.